మెరకకు గూడ వేసే పక్షి

డిసెంబరు పొద్దున నెల్లూరు తీరాన నేలపట్టు చెరువుకట్ట ఎక్కితే పక్షులు ముందు ముక్కుకు తెలుస్తాయి, తర్వాతే కంటికి. చేప వాసన, కుళ్లిన ఆకు వాసన, ఆ రెండింటినీ అణిచేస్తూ రెట్ట వాసన. బస్సు దిగి వచ్చిన పట్నం పిల్లలు ముక్కు మూసుకుంటారు. ఊరివాళ్లు మూసుకోరు. ఆ వాసనలో వాళ్ల రేపటి పంట ఉంది.

చెరువులో నడుముల్లోతు మునిగి నిలబడ్డ కడప చెట్లు. కొమ్మకొమ్మకూ గూళ్లు. ఆకుల మీద సున్నం చల్లినంత తెలుపు. గూడబాతులు, నీటికాకులు, నత్తగుల్ల కొంగలు, తెల్లకంకణాయిలు, శబరి కొంగలు అన్నీ ఆ చెట్ల మీదే ఇరుక్కుని సర్దుకుంటాయి. పెద్ద గూడబాతు గూటి దగ్గర గొంతు విప్పడం అరుదు. వినిపించే గోలంతా పిల్లలది. తల్లి గొంతుసంచిలోకి తల దూర్చి చేప అందుకునేదాకా అవి ఊరుకోవు. ఎండెక్కి నేల వేడి తేలాక పెద్దవి ఒక్కొక్కటే రెక్క విప్పి, పైకి లేచే గాలి ఆసరా పట్టుకుని సుడులు తిరుగుతాయి. అంతెత్తుకు వెళ్లాక రెక్క ఆడించే పనే లేకుండా దక్షిణంగా పులికాట్ సరస్సు వైపు జారిపోతాయి. ఇరవై కిలోమీటర్ల దూరం వాటికి ఒక లెక్క కాదు.

ఈ పక్షికి గూడబాతు అని పేరు పెట్టినవాడు రైతే అయ్యుండాలి. గూడ అంటే నీళ్లు తోడే బుట్ట. పల్లంలో కాలువ, మెరకలో చేను ఉన్నప్పుడు ఇద్దరు మనుషులు చెరోవైపు నిలబడి, తాళ్లు కట్టిన బుట్టను ఊపి నీటిని ఎత్తి పోసేవారు. మోటార్లు రాకముందు తెలుగు నేలంతా గూడ వేసిన నేలే. దవడ కింద సాగే సంచితో నీళ్లను చేపతో సహా తోడేసి, నీళ్లు వదిలి చేపను ఉంచుకునే పక్షిని చూసి ఆ రైతుకు తన పనిముట్టు గుర్తొచ్చింది. పోలిక వరకే అతను అనుకుని ఉంటాడు. కానీ ఆ పేరులో అతను అనుకున్నదానికంటే పెద్ద నిజం ఉంది.

వాన పడితే చేలో సారం నిలవదు. ఎరువు, ఒండ్రు, ఆకుతుక్కు కరిగి కాలువ పడతాయి. కాలువ ఏట్లో, ఏరు ఉప్పునీళ్లలో కలుస్తాయి. నీళ్లు పల్లానికే పోతాయి కాబట్టి నేల సారం కూడా ఎప్పుడూ పల్లానికే పోతుంది. అలా పోయింది పోయినట్టే ఉంటే ఈ మెరక చేలు ఎప్పుడో నిస్సారమై ఉండేవి. ఉప్పునీళ్లలో చేరిన ఆ సారాన్ని నాచు తింటుంది, నాచును రొయ్యపిల్ల, రొయ్యపిల్లను చేప. ఆ చేపను గూడబాతు సంచిలో వేసుకుని, గాలి మీద తేలుతూ, ఇరవై కిలోమీటర్లు వెనక్కి తెచ్చి, చెరువు మధ్య చెట్టు మీద పిల్ల నోట్లో పెడుతుంది. మిగిలింది రెట్టగా చెరువులో పడుతుంది. నత్రజని, భాస్వరం కలిసిన ఆ నీళ్లు తూము దాటి చేలోకి వెళతాయి. పల్లానికి జారిన సారాన్ని మెరకకు ఎత్తి పోస్తున్నది ఈ పక్షి. అక్షరాలా గూడ వేస్తోంది.

నేలపట్టు వాళ్లు ఈ పక్షుల్ని దేవతా పక్షులంటారు. అవి వచ్చి గూళ్లు కడితే వానలు కురుస్తాయని, ఊరు పచ్చగా ఉంటుందని నమ్మకం. నమ్మకంలో కారణం కార్యం కాస్త తిరగబడి ఉండవచ్చు. ఈశాన్య రుతుపవనం బాగా పడి చెరువు నిండితేనే పక్షులు గూడు కడతాయి. చెట్టు మొదలు చుట్టూ నీళ్లుంటే నక్క, అడవిపిల్లి గూటి దాకా చేరలేవు. చెరువు ఎండిన ఏడాది అవి రావు, వచ్చినా నిలవవు. వానను తెచ్చేది పక్షి కాకపోయినా, వాన పడిందని, చెరువు నిండిందని, ఈ ఏడు మడికి నీళ్లున్నాయని ఊరికి సాక్ష్యం చెప్పేది మాత్రం అదే. ఆ సాక్షిని రాళ్లు వేసి తరమకూడదని ఊరికి ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది.

1976లో ప్రభుత్వం 458.92 హెక్టార్లను నేలపట్టు పక్షుల రక్షిత కేంద్రంగా ప్రకటించింది. అప్పటికి అక్కడ రక్షించడానికి పక్షులు ఉన్నాయంటే, అంతకుముందే ఊరు వాటిని ఉండనిచ్చిందని అర్థం. ఈ వరస మనం తరచూ మరిచిపోతాం. చట్టం వచ్చి పక్షిని కాపాడలేదు. కాపాడిన పక్షి దగ్గరకు చట్టం వచ్చింది.

పక్షి రెట్ట విలువ తెలిసిన లోకం ఇంకొకటి ఉంది. దక్షిణ అమెరికాలో పెరూ తీరాన చించా దీవుల మీద సముద్రపు పక్షులు వేల ఏళ్లుగా వేసిన రెట్ట కొండలై పేరుకుపోయింది. 19వ శతాబ్దంలో ఐరోపా పొలాల కోసం దాన్ని ఓడలకెత్తారు. 1864లో స్పెయిన్ ఆ దీవులను ఆక్రమించింది, యుద్ధమే జరిగింది. కొన్ని దశాబ్దాల్లో ఆ కొండలు కరిగిపోయాయి. నేలపట్టులో కొండలు లేవు. ఏ ఏటి సరుకు ఆ ఏడు వస్తుంది, ఆ ఏడే చేలో కలుస్తుంది. తవ్వి పోసుకోవడానికి ఏమీ లేదు. రానివ్వడం ఒక్కటే మనిషి చేయాల్సిన పని.

రానివ్వకపోతే ఏమవుతుందో కూడా మన దగ్గరే జరిగింది. 1946లో కేరళకు చెందిన పక్షి పరిశీలకుడు కె.కె. నీలకంఠన్ పశ్చిమ గోదావరిలో ఆరేడు అనే చోట గూడబాతుల పెద్ద నెలవును చూసి లోకానికి చెప్పారు. తాటిచెట్ల మీద గూళ్లు. 1970లు నడుస్తుండగా ఆ నెలవు ఖాళీ అయింది. 1980ల్లో ఉస్మానియా విశ్వవిద్యాలయం పరిశోధకులు గూడబాతుల సంతానోత్పత్తిని చదవడానికి వెతుక్కుంటూ వచ్చింది నేలపట్టుకు. గోదావరి జిల్లా చేలకు నీళ్ల కొరత లేదు, చేపల కొరత అంతకన్నా లేదు. అయినా అక్కడి పక్షి వెళ్లిపోయింది, ఇక్కడి పక్షి ఉండిపోయింది.

దొరువు చెప్పే లెక్క

నేలపట్టు, సూళ్లూరుపేట, తడ, శ్రీహరికోట 2022 ఏప్రిల్ జిల్లాల విభజనలో తిరుపతి వైపు వెళ్లాయి. అయినా ఈ తీరాన్ని జనం నోట నెల్లూరు తీరమనే వింటాం. పులికాట్ నుంచి మైపాడు మీదుగా, పెన్న సముద్రంలో కలిసే చోటు దాటి ఉత్తరానికి సాగే ఈ ఇసుక పట్టీ మీద ఊళ్ల పేర్లు ఊరికే పుట్టలేదు. తూపిలిపాళెం, కొండూరుపాళెం అన్నవి చేపల వేటగాళ్ల పాళేలు. అటకానితిప్ప అన్నది నీళ్ల మధ్య తేలిన ఇసుక మెరక. రాయదొరువులో ఉన్నది దొరువు.

దొరువు అంటే తెలియని తరం వచ్చేసింది కాబట్టి చెప్పాలి. ఇసుక నేలలో నాలుగైదు అడుగులు తవ్వితే ఊరే తియ్యని నీటి గుంత. పెద్ద బావి కాదు, లోతు బావి అసలే కాదు. కడవ ముంచి మోసుకెళ్లి నారుకో, మిరప మొక్కకో పోస్తారు. మధ్యాహ్నానికి నీళ్లు తగ్గితే ఆగుతారు. రాత్రికి మళ్లీ ఊరుతుంది. ఇంకా లోతుకు తవ్వితే ఇంకా ఎక్కువ నీళ్లు వస్తాయి కదా అని పరాయి మనిషికి అనిపిస్తుంది. దొరువు తవ్వేవాడికి అనిపించదు. కిందున్నది ఉప్పునీళ్లని అతనికి తెలుసు.

వాననీళ్లు ఇసుకలో ఇంకి, బరువైన సముద్రపు నీటి మీద తెట్టులా తేలుతాయి. సముద్ర మట్టానికి పైన ఒక అడుగు మంచినీళ్లు నిలిస్తే దాని బరువుకు ఉప్పునీరు సముద్ర మట్టానికి సుమారు నలభై అడుగుల లోతుకు అణిగి ఉంటుంది. 19వ శతాబ్దం చివర్లో, 20వ శతాబ్దం మొదట్లో డచ్చి, జర్మన్ ఇంజనీర్లు కట్టిన లెక్క ఇది. ఈ లెక్కను తిరగేసి చదివితే గుండె ఝల్లుమంటుంది. మోటారు పెట్టి పైన ఒక్క అడుగు తోడేస్తే, కింద ఉప్పు నలభై అడుగులు పైకి రావడానికి దారి తీసినట్టే. దొరువు తవ్విన ముత్తాతకు ఆ అంకె తెలియదు. నాలుగైదు అడుగుల దగ్గర గడ్డపార ఆపాలని మాత్రం తెలుసు. మనకు అంకె తెలుసు. ఆపడం పోయింది.

ప్రకృతితో మనిషి సంబంధం గురించి చాలా చదివాను. అందులో ఎక్కువ భాగం సూర్యోదయాల గురించి, అడవిలో దొరికే ప్రశాంతత గురించి. అవి అబద్ధాలు కావు. కానీ నెల్లూరు తీరం నాకు నేర్పింది వేరు. ఇక్కడ మనిషి, నీరు, పక్షి మధ్య ఉన్నది చూసి మురిసిపోయే చుట్టరికం కాదు, ఇచ్చిపుచ్చుకునే చుట్టరికం. ఎంత తీసుకోవాలి, ఎక్కడ ఆపాలి, ఏది తిరిగి పోవాలి అన్నది తెలిసి ఉండటం. ఆ తెలివి తెగిపోయిన చోట తీరం ఎలా మారిందో చూడాలంటే ఏ పుస్తకమూ అక్కర్లేదు, కృష్ణపట్నం వైపో మైపాడు వైపో రోడ్డు పట్టుకుని పోతే చాలు.

గుంటలు

రోడ్డుకు రెండువైపులా గుంటలే. చతురస్రంగా కట్టలు, మధ్యలో నీళ్లు చిమ్ముతూ ఏరేటర్లు, మూలన ఒక పాక. గోదావరి వాళ్లు రొయ్యల చెరువులంటారు, మన నెల్లూరోళ్లకు అవి గుంటలు. చెరువు అనే మాటను మనం దాచిపెట్టుకున్నందుకు నాకు సంతోషం. చెరువు వేరు, గుంట వేరు.

గుంటల మీద నాకు కోపం లేదని ముందే చెప్పాలి. 1990ల మొదట్లో టైగర్ రొయ్య వచ్చినప్పుడు, ఉప్పు తేలి వరి పండని చవిటి నేలకు ధర పలికింది. సన్నకారు రైతు పిల్లవాడు ఇంజనీరింగ్ చదివాడు. ఆడపిల్ల పెళ్లి జరిగింది. దాన్ని తక్కువ చేసి మాట్లాడే హక్కు ఎవరికీ లేదు. కానీ ఆ డబ్బు వచ్చిన తీరులోనే పోయే తీరు కూడా ఉంది. గుంటకు నీళ్లు ఉప్పుటేట్లోంచి ఎత్తుకున్నారు. మేత, మందులు, రొయ్య పెంట కలిసిన నీళ్లను తిరిగి అదే ఉప్పుటేట్లోకి వదిలారు. పై గుంటవాడు వదిలింది కింది గుంటవాడు ఎత్తుకున్నాడు. 1994-95లో తెల్లమచ్చ వైరస్ తగిలినప్పుడు అది ఒక గుంటలో ఆగకుండా తీరమంతా పాకడానికి ఆ కాలువలే దారి అయ్యాయి. పట్టుబడికి వారం ముందు రొయ్యలు గట్టుకొచ్చి చచ్చిన రోజులు ఈ ఊళ్లలో పెద్దవాళ్లకు ఇంకా మరుపు రాలేదు.

1996 డిసెంబరు 11న ఎస్. జగన్నాథ్ కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. తీర నియంత్రణ ప్రాంతంలో సంప్రదాయ పద్ధతి కాని రొయ్యల గుంటలు తీసేయాలంది. చిలికా, పులికాట్ సరస్సుల చుట్టూ 1000 మీటర్ల లోపల గుంట ఉండకూడదంది. తాగునీటి బావులు ఉప్పెక్కిన సంగతి, వేటకు పోయే దారులు మూసుకుపోయిన సంగతి ఆ తీర్పు రాతల్లోనే ఉంది. 2005లో తీరప్రాంత ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం వచ్చి, పోటు గీత నుంచి 200 మీటర్ల లోపల సాగు కూడదని, ఉప్పుటేళ్లలో గుంటలు కూడవని నియమం పెట్టింది. 2009 తర్వాత పసిఫిక్ తీరపు వెనామీ రొయ్య వచ్చింది, నెల్లూరు మళ్లీ నిలబడింది. 2025 ఆగస్టు చివర్లో అమెరికా 50 శాతం సుంకం వేసినప్పుడు ఇక్కడి గుంట గట్టు మీద రొయ్య ధర పడిపోతుందేమోనన్న దిగులు ఎంత ఉందో ఆ రోజుల్లో ఈ రోడ్ల మీద తిరిగినవాళ్లకు తెలుసు. ఎక్కడో కూర్చున్నవాడి సంతకం మీద మన నేల పంట ఆధారపడింది.

నేలపట్టు చెరువుకూ ఈ గుంటకూ తేడా ఒక్క ముక్కలో చెప్పమంటే ఇలా చెబుతాను. రెండిట్లోనూ నీళ్లున్నాయి, రెండిట్లోనూ పెంట పడుతుంది. చెరువులో పడిన పెంట చేలోకి పోయి వరి గింజ అవుతుంది. గుంటలో పడిన పెంటకు పోయే చోటు లేదు. దానికొక చోటు కట్టగలం. వదిలే నీళ్లను ముందు నిలవబెట్టి తేర్చే గుంట, అందులో ఆల్చిప్పల్నో నాచునో పెంచడం, ఒడ్డున మడచెట్లు నిలబెట్టడం ఎప్పటినుంచో తెలిసిన పద్ధతులే. వాటికి కొంత నేల వదులుకోవాలి. అడుగు నేల కూడా వదలం కాబట్టే ఊరి నీళ్లు వదులుకుంటున్నాం.

ముఖద్వారం

పులికాట్ మన దేశంలో చిలికా తర్వాత రెండో పెద్ద ఉప్పునీటి సరస్సు. ఎక్కువ భాగం మన వైపు, దక్షిణ కొస తమిళనాడు వైపు. కాళంగి, ఆరణి, స్వర్ణముఖి పాయ తీపినీళ్లు తెస్తాయి. తూపిలిపాళెం, రాయదొరువు, తమిళనాడులో పళవేర్కాడు దగ్గర ముఖద్వారాల గుండా సముద్రం వచ్చిపోతుంది. సూటిగా చెప్పాలంటే ఇది సరస్సు కాదు, ఏరూ సముద్రమూ మాట్లాడుకునే వాకిలి.

రొయ్య బతుకు తెలిస్తే ఆ వాకిలి విలువ తెలుస్తుంది. తల్లి రొయ్య సముద్రంలో గుడ్లు పెడుతుంది. కంటికి ఆననంత పిల్ల పోటుతో పాటు ముఖద్వారం దాటి సరస్సులోకి వస్తుంది. పెద్ద చేపలు దూరలేని పలుచని నీళ్లలో, నాచులో పెరుగుతుంది. పెరిగాక మళ్లీ అదే దారిన సముద్రానికి పోతుంది. చాలా రకాల చేపలకూ ఇదే దారి. ముఖద్వారం పూడితే లోపలి వేటగాడి వలకు మాత్రమే కాదు, బయట సముద్రంలో వేటాడేవాడి వలకు కూడా నష్టం. లోపల నీళ్లు ఎండకు ఇగిరి ఉప్పు ముదురుతుంది, వేసవిలో ఉత్తర భాగం బీటలు వారుతుంది.

పూడిక ఎందుకు పడుతుంది? సముద్రం తీరం వెంట ఇసుకను ఎప్పుడూ జరుపుతూనే ఉంటుంది, వాకిట్లో పోస్తూనే ఉంటుంది. వానాకాలపు ఏటి వరద వచ్చి దాన్ని తోసేయాలి. పైన ఆనకట్టలు, చెరువులు నీళ్లను పట్టేసుకుంటే తోసే బలం తగ్గుతుంది. దానికి తోడు సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోటకు సరస్సుకు అడ్డంగా వేసిన కట్ట రోడ్డు నీళ్ల నడకను రెండు ముక్కలు చేసింది. ఆ రోడ్డు మీద బస్సు కిటికీలోంచి చూస్తే ఒకవైపు అలలు, ఇంకోవైపు బీడు కనిపించే నెలలున్నాయి.

ఆ రోడ్డు చివర శ్రీహరికోట. 1971 అక్టోబరు 9న చిన్న రోహిణి రాకెట్‌తో మొదలై, 2023 జులై 14న చంద్రయాన్-3ను పంపిన దీవి. దేశం గర్వపడే చోటు. నేనూ గర్వపడతాను. భద్రత కోసం మూసేసిన ఆ దీవి మీద తీరప్రాంతపు అడవి ఇంకా మిగిలి ఉండటం నిజం. ఆ అడవిలో తేనె, గడ్డలు, మూలికలు ఏరుకుని బతికిన యానాదులను దీవి నుంచి కదిలించడం కూడా నిజమే. అడవి నిలిచింది, అడవిని పేరుపేరునా ఎరిగినవాళ్లు బయటికొచ్చారు. ప్రకృతిని కాపాడటమంటే మనిషిని బయటికి పంపడమేనని అనుకునేవాళ్లు ఈ దీవి వైపు వేలు చూపిస్తారు. నేను నేలపట్టు వైపు చూపిస్తాను. అక్కడ కంచె కట్టకముందు నుంచే పక్షి, మనిషి ఒకే చెరువును పంచుకున్నారు.

యానాదుల గురించి రాసేటప్పుడు మన భాష తరచూ జాలి వైపు జారుతుంది. నెల్లూరువాడైన స్వాతంత్ర్య సమరయోధుడు వెన్నెలకంటి రాఘవయ్య జీవితంలో పెద్ద భాగం వాళ్ల కోసం పనిచేశారు, 1962లో వాళ్ల మీద పెద్ద పుస్తకమే వెలువరించారు. ఆయన పని జాలితో ఆగలేదు, వాళ్లకు తెలిసినదాన్ని తెలుసుకునేదాకా పోయింది. పులికాట్ పలుచని నీళ్లలో కూర్చుని, వల లేకుండా, రెండు చేతులతో బురద తడుముతూ రొయ్య పట్టే ఆడమనిషికి ఏ నెలలో ఏ నీరు ఎంత ఉప్పుగా ఉంటుందో చర్మానికి తెలుసు. చేలో ఎలుక కన్నం ఎటు పోతుందో చూసి తవ్వి, ఎలుకనూ అది దాచిన వడ్లనూ తీసేవాడు రైతు గింజను కాపాడిన మనిషి. ఊరి చెరువు తూము దగ్గర కాపలా ఉండి నీళ్లు పెట్టిన మనిషి కూడా చాలా ఊళ్లలో యానాదే. ఆ మనుషులే ఇవాళ రొయ్యల గుంట మూలన పాకలో రాత్రి కాపలా కాస్తున్నారు. సరస్సును చదవగలిగినవాళ్లను మోటారు స్విచ్చి దగ్గర కూర్చోబెట్టాం. ఈ తీరానికి జరిగిన నష్టాల్లో నాకు అన్నిటికంటే పెద్దదిగా కనిపించేది ఇదే.

తాబేలు వల

మైపాడు, కోడూరు ఇసుక మీద జనవరి నుంచి మార్చి దాకా రాత్రిపూట ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వస్తాయి. ఎక్కడ పుట్టిందో ఆ తీరాన్నే వెతుక్కుంటూ ఆడ తాబేలు తిరిగొస్తుంది. ఒడ్డుకు దగ్గరగా ట్రాలర్ లాగిన వలలో చిక్కితే ఊపిరాడక చస్తుంది. తాబేలు బయటపడే తలుపు ఉన్న వల ఎప్పుడో వచ్చింది. మన ట్రాలర్లు వాడకపోవడంతో 2019 నుంచి అమెరికా మన సముద్రంలో పట్టిన రొయ్యను కొనడం మానేసింది. ఒక తలుపు పెట్టకపోవడం వల్ల తాబేలూ పోయింది, బేరమూ పోయింది. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం మొదట్లో సముద్రపు వేటనే నమ్ముకున్న పట్టపోళ్ల గుండె మీద బరువే. ఆ 61 రోజులు సముద్రానికి ఇచ్చిన గడువని ఇప్పుడు వాళ్లకు వేరే ఎవరూ చెప్పనక్కర్లేదు. గడువు పాటించని పెద్ద బోట్లు దక్షిణం నుంచి వచ్చి ఒడ్డు దగ్గర వల లాగినప్పుడే గొడవంతా.

సరస్సు దక్షిణ కొసన, తమిళనాడు వైపు వేటగాళ్లు తరతరాలుగా పాడు అనే కట్టుబాటు పాటించారు. ఏ రోజు ఏ చోట ఎవరు వల వేయాలో వంతులవారీగా తేల్చుకోవడం. మంచి చోటు ఒక్కడి సొత్తు కాదు. ఒకే రోజు అందరూ ఒకేచోట పడి ఊడ్చేయడమూ ఉండదు. దొరువు దగ్గర గడ్డపార ఆపడం, చెరువు దగ్గర పక్షిని రానివ్వడం, వల దగ్గర వంతు ఆగడం వేర్వేరు ఊళ్లలో వేర్వేరు మనుషులు నేర్చుకున్న ఒకటే పాఠం.

2001 నుంచి సూళ్లూరుపేటలో ఫ్లెమింగో పండుగ జరుగుతోంది. కొన్నేళ్లు ఆగి, 2025 జనవరిలో మళ్లీ జరిగింది. పిల్లల్ని బస్సుల్లో తెచ్చి పక్షుల్ని చూపించడం మంచి పని. ఫ్లెమింగో, అంటే మన రాజహంస, తల కిందికి వేలాడదీసి, కాళ్లతో బురద కలిపి, వంపు ముక్కుతో నీళ్లు వడకట్టుకుని తినడం చూసిన పిల్లవాడు దాన్ని మరిచిపోడు. దాని రెక్కల ఎరుపు అది తినే నాచులోంచి, సన్న పురుగుల్లోంచి వస్తుందని చెబితే, నీళ్లు చెడితే రంగే పోతుందని వాడికి మనం చెప్పకుండానే అర్థమవుతుంది. అటకానితిప్ప రోడ్డు మీద కారు ఆపి, పక్షులు ఎగిరితే ఫొటో బాగా వస్తుందని హారన్ కొట్టే పెద్దవాళ్లను కూడా చూశాను. ఎగిరిన ప్రతిసారీ అవి తినాల్సిన సమయం పోతుంది, కచ్ రణ్ దాకా తిరిగి పోవడానికి దాచుకున్న బలం కొంత ఖర్చవుతుంది.

పండుగ వేదిక మీద ఒక పూట ఆ చేతుల వేట తెలిసిన యానాది ఆడమనిషిని కూర్చోబెట్టండి. తూపిలిపాళెం వేటగాడికి మైకు ఇచ్చి ఈ ఏడు ముఖద్వారంలో నీళ్లు ఎన్ని బారల లోతు ఉన్నాయో అడగండి. పూడిక తీసే పనికి లెక్క ఆయన చేత చెప్పించండి, ఆయన చెప్పిన నెలలోనే పని మొదలుపెట్టండి.

చూడటానికి వెళ్లేవాళ్లకు నాదొక విన్నపం. నేలపట్టులో గొంతు తగ్గించి నడవండి, వాసనకు ముక్కు మూసుకోకండి. కట్ట దిగి తూము దాకా వెళ్లి, ఆ నీళ్లు ఏ చేలోకి పోతున్నాయో చూడండి. తర్వాత ఒక గంట కేటాయించుకుని తూపిలిపాళెం దాకా పోయి, ముఖద్వారం తెరిచి ఉందో పూడిపోయిందో మీ కళ్లతో చూసి రండి.